విలీనం తర్వాత: క్రీడా సమాఖ్యల్లో ఆడవాళ్ల కుర్చీ ఎక్కడ?

1978 జనవరి 13న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో, పాతవాళ్లు ఇప్పటికీ ఫతే మైదాన్ అని పిలిచే చోట, ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్‌ని ఓడించి క్రికెట్ ప్రపంచ కప్ గెలుచుకుంది. అది మహిళల ప్రపంచ కప్. మగవాళ్ల ప్రపంచ కప్ పోటీలు మన దేశంలో జరగడానికి ఆ తర్వాత ఇంకా తొమ్మిదేళ్లు పట్టింది. అసలు ప్రపంచ కప్ అనే ఆలోచనే ఆడవాళ్లది. వాళ్లు 1973లో ఇంగ్లండ్‌లో మొదటి ప్రపంచ కప్ ఆడితే, మగవాళ్లు 1975లో ఆడారు.

1978 పోటీల్లో నాలుగే జట్లు. కలకత్తా, జంషెడ్‌పూర్, పాట్నా, హైదరాబాద్‌లలో ఆటలు జరిగాయి. డయానా ఎడుల్జీ నాయకత్వంలో మన జట్టు ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. అయినా ఆ పోటీలను జరిపించిన సంస్థ ఏదో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1928లో పుట్టిన క్రికెట్ కంట్రోల్ బోర్డు కాదు. అప్పటికి ఐదేళ్లు కూడా సరిగ్గా నిండని భారత మహిళా క్రికెట్ సంఘం. చేతిలో డబ్బు లేదు, సొంత మైదానం లేదు. ఆ సంఘం ప్రపంచ కప్ నిర్వహించింది.

ఆ సంఘం ఇప్పుడు లేదు. 2006లో బోర్డులో విలీనమైంది. ఆ విలీనాన్ని అందరూ ఆధునికీకరణ అన్నారు. ఈ మాట క్రీడారంగంలో గత ఇరవై ఏళ్లుగా బాగా వినిపిస్తోంది. పదవీకాలానికి హద్దులు, వయసుకి హద్దులు, లెక్కల ఆడిట్లు, ఎన్నికల పర్యవేక్షణ, వృత్తి నిపుణులైన సీఈవోలు. ఇవన్నీ కావలసినవే. అయితే ఈ సంస్కరణల చరిత్రని ఆడవాళ్ల వైపు నుంచి చదివితే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆటలో ఆడవాళ్లకి చోటు పెరుగుతూ వచ్చిన ఈ కాలంలోనే, ఆటని నడిపే అధికారంలో వాళ్ల చోటు ఏమైంది?

సొంత సంఘాల కాలం

మహిళా క్రికెట్ సంఘం 1973లో లక్నోలో సొసైటీగా రిజిస్టరైంది. పూనుకున్నవాడు మహేంద్ర కుమార్ శర్మ అనే మగమనిషే. అధ్యక్షురాలు బేగం హమీదా హబీబుల్లా. ఆ ఏడాదే పుణెలో జరిగిన మొదటి జాతీయ పోటీలకి మూడే జట్లు వచ్చాయి: బొంబాయి, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్. మూడేళ్ల తర్వాత, 1976లో, వెస్టిండీస్ జట్టు మన దేశానికొచ్చి టెస్టులు ఆడింది. ఆ నవంబరులో పాట్నాలో శాంతా రంగస్వామి జట్టు మన మొదటి టెస్టు విజయం సాధించింది.

ఆ రోజుల గురించి ఆడినవాళ్లు చెప్పే కథలన్నీ ఒకేలా ఉంటాయి. రిజర్వేషన్ లేని రైలు డబ్బాలు, స్కూలు గదుల్లోనూ డార్మిటరీల్లోనూ పడకలు, ఇద్దరు ముగ్గురు పంచుకునే బ్యాట్లు. 1982లో న్యూజిలాండ్‌లో ప్రపంచ కప్ ఆడటానికి తలా పదివేల రూపాయలు కట్టమన్నారని డయానా ఎడుల్జీ తర్వాత చెప్పారు. 1988 ప్రపంచ కప్ ఆస్ట్రేలియాలో జరిగితే మన జట్టు వెళ్లనే లేదు. ఆడపిల్లకి ఆట అంటే ఇంట్లో ఒప్పించుకోవడం ఒక యుద్ధం, ఆ తర్వాత దారి ఖర్చులకి చేయి చాచడం ఇంకో యుద్ధం. కొందరిని నిలబెట్టింది రైల్వే ఉద్యోగం. ఆ ఉద్యోగాలు ఆడపిల్లలకీ రావాలని పట్టుబట్టి సాధించిన వాళ్లలో ఎడుల్జీ ముందుంటారు. హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల నుంచి పూర్ణిమా రావు, మిథాలీ రాజ్ వంటివాళ్లు ఎదిగి భారత జట్టుకి నాయకత్వం వహించింది ఈ సంఘం కాలంలోనే. 2005లో దక్షిణాఫ్రికాలో ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లిన మిథాలీ జట్టు కూడా బోర్డు జట్టు కాదు, ఈ పేద సంఘం జట్టే.

ఈ సంఘాన్ని స్వర్ణయుగంగా చూడాల్సిన పని లేదు. దాని మీద కూడా విమర్శలున్నాయి. పెద్ద కుటుంబాల స్త్రీలు, రాజకీయాల్లో ఉన్న స్త్రీలు గౌరవ పదవుల్లో ఉండేవారు. చిన్న ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలకి, కింది కులాల అమ్మాయిలకి ఆ దారులు ఎంత తెరుచుకున్నాయన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. కానీ ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఈ సంఘంలో ఆడవాళ్లు ఆడటమే కాదు, జట్లని ఎంపిక చేశారు, పర్యటనలు కుదిర్చారు, చందాలు పోగుచేశారు, జమాఖర్చులు రాశారు, పోట్లాడుకున్నారు, ఎన్నికల్లో గెలిచారు, ఓడారు. విలీనం నాటికి సంఘం కార్యదర్శి శుభాంగి కులకర్ణి. ఆమె భారత జట్టు మాజీ కెప్టెన్. ఒక ఆటగత్తె తన ఆట మొత్తానికీ కార్యదర్శి కావడం అప్పుడు వింత కాదు.

మనకి ఈ తరహా సంస్థలు కొత్త కాదు. 1902లో మచిలీపట్నంలో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ బృందావన స్త్రీ సమాజం పెట్టిన నాటి నుంచీ ‘ఆడవాళ్లకి విడిగా సంఘం ఎందుకు?’ అనే ప్రశ్న మనల్ని వెంటాడుతూనే ఉంది. విడిగా ఉంటే వనరులుండవు. కలిసిపోతే మాట ఉండదు. ఈ రెండింటి మధ్య నలగడమే స్త్రీల సంస్థల చరిత్రలో పెద్ద భాగం. క్రీడారంగం ఇందుకు మినహాయింపు కాదు.

కలుపుకోవడం అనే పాత పద్ధతి

ఈ కథ మన దగ్గర మొదలవలేదు. ఫ్రాన్స్‌లో అలిస్ మిలియా అనే ఆమె 1921లో అంతర్జాతీయ మహిళా క్రీడా సమాఖ్యని స్థాపించింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి పరుగు పందేలు పెట్టడానికి పెద్దమనుషులు ఒప్పుకోకపోతే, 1922లో పారిస్‌లో ‘మహిళల ఒలింపిక్స్’ జరిపించింది. ఆ పేరు వాడకూడదని ఒలింపిక్ కమిటీ గొడవ చేసింది. ‘మహిళల ప్రపంచ క్రీడలు’గా పేరు మార్చి 1926లో, 1930లో, 1934లో మళ్లీ జరిపారు. జనం వచ్చారు. దాంతో మగవాళ్ల అథ్లెటిక్ సమాఖ్య దిగొచ్చి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి ఐదు పోటీలు ఇచ్చింది. అడిగినవన్నీ ఇవ్వలేదు, ఐదే. వాటిలో 800 మీటర్ల పరుగు అయ్యాక, ఆడవాళ్లు అలసి పడిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ పరుగుని తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. 1936 నాటికి మహిళల అథ్లెటిక్స్ మొత్తం మగ సమాఖ్య చేతికి వెళ్లిపోయింది. మిలియా సమాఖ్య కనుమరుగైంది.

ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోవాలి. మొదట నిరాకరణ, తర్వాత ఆడవాళ్లు సొంతంగా కట్టుకున్న సంస్థ, ఆ సంస్థకి జనం వచ్చేసరికి ఆహ్వానం, ఆపైన విలీనం. విలీనంతో పాటు నిర్ణయాధికారం చేతులు మారడం. ఎంత దూరం పరుగెత్తితే ఆడదాని ఒంటికి మంచిదో నిర్ణయించే అధికారం కూడా అలాగే చేతులు మారింది. 1894లో పుట్టిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలోకి మొదటిసారి ఇద్దరు స్త్రీలు సభ్యులుగా వచ్చింది 1981లో. దానికి ఒక స్త్రీ, జింబాబ్వే ఈతగత్తె కిర్‌స్టీ కోవెంట్రీ, అధ్యక్షురాలిగా ఎన్నికైంది 2025లో.

హాకీలో 1927లో పుట్టిన అంతర్జాతీయ మహిళా సమాఖ్య 1982లో మగవాళ్ల సమాఖ్యలో కలిసింది. క్రికెట్లో న్యూజిలాండ్ 1992లో, ఇంగ్లండ్ 1998లో, ఆస్ట్రేలియా 2003లో రెండు సంస్థల్నీ ఒకటి చేశాయి. 1958 నుంచి ఉన్న అంతర్జాతీయ మహిళా క్రికెట్ కౌన్సిల్ 2005లో ఐసీసీలో కలిసిపోయింది. ఇక భారతదేశం మీద ఒత్తిడి వచ్చింది. 2006లో మన సంఘం వంతు.

2006: వచ్చినవి, పోయినవి

విలీనాన్ని కోరుకున్నది ముందు ఆటగత్తెలే. ఈ మాట దాచకూడదు. విమాన ప్రయాణం, మంచి మైదానాలు, ఫిజియోలు, శిక్షణ శిబిరాలు కావాలని ఎవరు కోరుకోరు? దేశంలోకెల్లా ధనిక క్రీడాసంస్థ తలుపు తెరుస్తుంటే పేదరికాన్ని పట్టుకుని వేలాడమని చెప్పడం అన్యాయం. సౌకర్యాలు వచ్చాయి కూడా.

కానీ లెక్క పక్కపక్కన పెట్టి చూద్దాం. 1976 నుంచి 2006 దాకా, డబ్బు లేని సంఘం నడిపిన ముప్పై ఏళ్లలో, భారత మహిళలు ముప్పైకి పైగా టెస్టులు ఆడారు. 2006 ఆగస్టులో టాంటన్‌లో ఇంగ్లండ్‌ని ఓడించారు. ఇంగ్లండ్ గడ్డ మీద అది వాళ్ల మొదటి టెస్టు గెలుపు. ఆ తర్వాత టెస్టు ఎప్పుడు ఆడారు? 2014 ఆగస్టులో. ఎనిమిదేళ్లు ఒక్క టెస్టు లేదు. అదే ఏడాది నవంబరులో మైసూరులో ఒకటి ఆడి, మళ్లీ 2021 దాకా ఆగారు. ఇరవైల్లో ఉన్న ఆటగత్తెకి ఎనిమిదేళ్లంటే దాదాపు మొత్తం ఆట జీవితం. ప్రపంచవ్యాప్తంగానే మహిళల టెస్టులు తగ్గాయని జవాబు చెప్పొచ్చు. నిజమే. ఆ తగ్గించిన నిర్ణయాలు కూడా విలీనమైన సంస్థల్లోనే జరిగాయి కదా.

మగవాళ్ల ఐపీఎల్ 2008లో మొదలైతే ఆడవాళ్ల ప్రీమియర్ లీగ్ 2023లో మొదలైంది. ఆటగత్తెలకి బోర్డు ఏడాది కాంట్రాక్టులు ఇవ్వడం 2015లో మొదలైంది. సమాన మ్యాచ్ ఫీజు ప్రకటన 2022 అక్టోబరులో వచ్చింది: టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. ఆ నిర్ణయాన్ని మనందరం మెచ్చుకున్నాం. అయితే మ్యాచ్ ఫీజు సమానమైనంత మాత్రాన మ్యాచ్‌ల సంఖ్య సమానం కాదు, కాంట్రాక్టు మొత్తాలు సమానం కావు. ఎన్ని మ్యాచ్‌లు, ఎవరితో, ఎప్పుడు అని నిర్ణయించే గదిలో ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. పాత సంఘం రద్దైనప్పుడు అధ్యక్షురాలి కుర్చీ, కార్యదర్శి కుర్చీ, కోశాధికారి కుర్చీ కూడా రద్దయ్యాయి. వాటికి బదులుగా కొత్త సంస్థలో వచ్చింది మహిళల కోసం ఒక కమిటీ. కమిటీ సలహా ఇస్తుంది. బోర్డు నిర్ణయిస్తుంది. ఈ తేడా మన విశ్వవిద్యాలయాల్లో, అకాడమీల్లో, సాహిత్య సంస్థల్లో పనిచేసిన వాళ్లెవరికీ వివరించాల్సిన పని లేదు.

ఇంకొకటి కూడా పోయింది. సంస్థ రద్దైతే సంస్థ జ్ఞాపకం చెదిరిపోతుంది. ఆ ముప్పై మూడేళ్ల పాలనాచరిత్ర చాలావరకు ఆడినవాళ్ల మాటల్లోనే మిగిలింది. కారుణ్య కేశవ్, సిద్ధాంత పట్నాయక్ 2018లో ఇంగ్లీషులో తెచ్చిన ‘ది ఫైర్ బర్న్స్ బ్లూ’ ఆ చరిత్రని పోగుచేసింది. తెలుగు నేల మీద ఆడినవాళ్ల నోటి చరిత్రని సేకరించే పని తెలుగులో మనమే చేసుకోవాలి.

సంస్కర్తల పదకోశం

క్రీడా సంస్థలకి నియమాలు పెట్టాలని ప్రభుత్వం అనుకోవడం 1975 నుంచీ ఉంది. ఆ సెప్టెంబరు మార్గదర్శకాల్లోనే పదవీకాలానికి హద్దు పెట్టారు. అమలు కాలేదు. ఒకే మనిషి ఒక సమాఖ్యకి దశాబ్దాల పాటు అధ్యక్షుడిగా ఉండటం మామూలైపోయింది. రాజకీయ నాయకులు, పారిశ్రామికవేత్తలు, పెద్ద అధికారులు. ఆ ఆట ఎన్నడూ ఆడనివాళ్లు. ఈ సంస్థల్లో ఎక్కువ భాగం సొసైటీలుగా రిజిస్టరైన ప్రైవేటు సంస్థలు. దేశం పేరు పెట్టుకుంటాయి, దేశం తరఫున జట్టుని ఎంపిక చేస్తాయి, ప్రశ్నిస్తే మాది ప్రైవేటు సంస్థ అంటాయి. బోర్డు రాజ్యాంగం ప్రకారం ‘రాజ్యం’ కాదని సుప్రీంకోర్టు 2005లో అంది. 2015లో అదే కోర్టు, అది చేసేది ప్రజల పని కాబట్టి న్యాయసమీక్షకి లోబడాలంది.

2011 జనవరిలో వచ్చిన జాతీయ క్రీడాభివృద్ధి నియమావళి పాత ఉత్తర్వులన్నిటినీ ఒకచోటకి తెచ్చింది. డెబ్భై ఏళ్లు దాటినవాళ్లు పదవుల్లో ఉండకూడదు. అధ్యక్షుడు పన్నెండేళ్లు మించకూడదు. ఆ చర్చంతా ఈ రెండు అంకెల చుట్టూ తిరిగింది. ముసలివాళ్లు పోయి కుర్రవాళ్లు వస్తే ఆధునికం అన్నట్టు.

హాకీలో ఈ చర్చ ఎంత చిక్కుపడిందో చూడండి. మగవాళ్ల హాకీ సమాఖ్య లంచం ఆరోపణలతో 2008లో సస్పెండైంది. ఆడ, మగ హాకీ రెండింటినీ కలిపి 2009లో హాకీ ఇండియా పెట్టారు. 2010 ఆగస్టు ఎన్నికల్లో ఎనభై దాటిన విద్యా స్టోక్స్, మాజీ ఒలింపియన్ పర్గత్ సింగ్‌ని ఓడించి అధ్యక్షురాలయ్యారు. ఆమె హిమాచల్ కాంగ్రెస్ నాయకురాలు, మహిళా హాకీ సంస్థకి ఏళ్ల తరబడి పెద్ద. వయసు నిబంధన అడ్డొచ్చి ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. పత్రికలు ఆమెని మార్పుకి అడ్డుపడే ముసలమ్మగా చూపించాయి. మనం ఎటు నిలబడాలి? ఆడమనిషి కాబట్టి ఆమె వైపా, ఆటగాడు కాబట్టి అతని వైపా? ఏ పక్షానికీ పూర్తిగా సరిపడని సందర్భమిది. ఆడవాళ్ల సంస్థలు కూడా కొందరి జాగీర్లు కాగలవని స్త్రీవాదులుగా మనం ఒప్పుకోవాలి. అదే సమయంలో, ఆ కుర్చీ వెనుక ఏళ్ల పాటు ఆడవాళ్ల హాకీని ఎవరూ పట్టించుకోని కాలం ఉందని కూడా గుర్తుచేయాలి.

ఆ వేసవిలోనే, 2010 జూలైలో, మహిళా హాకీ జట్టు చీఫ్ కోచ్ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు వచ్చింది. ఆయన కాదన్నారు, రాజీనామా చేశారు. విశాఖ తీర్పు వచ్చి అప్పటికి పదమూడేళ్లు. ఆ తర్వాతే క్రీడా మంత్రిత్వ శాఖ వేధింపుల నివారణ గురించి సమాఖ్యలకి ఆదేశాలు పంపింది.

2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన లోధా కమిటీ సిఫారసులు క్రికెట్ బోర్డుకి తొమ్మిదిమంది అపెక్స్ కౌన్సిల్‌ని ఇచ్చాయి. అందులో ఆటగాళ్ల సంఘం తరఫున ఒక మగ, ఒక ఆడ ప్రతినిధి ఉండాలన్నాయి. 2017లో కోర్టు వేసిన నలుగురు పాలకుల కమిటీలో డయానా ఎడుల్జీ ఉన్నారు. 2019లో శాంతా రంగస్వామి అపెక్స్ కౌన్సిల్లోకి వచ్చారు. తలా పదివేలు కట్టుకుని ఆడిన తరం ఇది. బోర్డు తలుపు వాళ్లకి తెరవడానికి విలీనం తర్వాత పదేళ్లకి పైగా పట్టింది, అదీ కోర్టు చెబితే.

ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

పాలన, సంస్కరణ లాంటి మాటలు పొడిగా ఉంటాయి. వాటి వెనుక ఏముందో 2023 జనవరి 18న జంతర్ మంతర్ దగ్గర తెలిసింది. వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా రోడ్డు మీద కూర్చున్నారు. రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు, ఎంపీ బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన వాటిని తోసిపుచ్చారు. మేరీ కోమ్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఏప్రిల్లో వాళ్లు మళ్లీ రోడ్డెక్కారు. ఎఫ్ఐఆర్ నమోదు కావడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. మే 28న, కొత్త పార్లమెంటు భవనం ప్రారంభమైన రోజున, ఢిల్లీ పోలీసులు ఆ అమ్మాయిల్ని ఈడ్చుకెళ్లిన దృశ్యాలు దేశమంతా చూసింది. జూన్‌లో చార్జిషీటు పడింది. 2024 మేలో కోర్టు అభియోగాలు నమోదు చేసింది. మైనర్ విషయంలో పెట్టిన పోక్సో కేసుని మాత్రం 2025 మేలో కోర్టు మూసివేసింది.

ఒలింపిక్ పతకం తెచ్చిన సాక్షి, ప్రపంచ పోటీల్లో పతకాలు గెలిచిన వినేశ్ ఫిర్యాదు ఇవ్వడానికి తమ సమాఖ్యలో నమ్మకమైన చోటు దొరక్క రోడ్డు మీదకి వస్తే, జిల్లా శిబిరంలో ఉన్న పద్నాలుగేళ్ల పిల్ల ఎక్కడికెళుతుంది? 2013 చట్టం ప్రకారం ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు స్త్రీ అయి ఉండాలి, సభ్యుల్లో సగమైనా స్త్రీలుండాలి. దేశంలోని ముప్పై జాతీయ సమాఖ్యల్లో దాదాపు సగం ఈ నిబంధన పాటించడం లేదని తేలి, 2023 మేలో జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. రెజ్లింగ్ సమాఖ్య వేధింపుల కమిటీలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ సాక్షి మలిక్. పురుషాధిక్యం ఎంత మామూలుగా నడుస్తుందో చెప్పడానికి ఈ ఒక్క వివరం చాలు.

పన్నెండేళ్ల నిబంధన వల్ల పాత అధ్యక్షుడు మళ్లీ పోటీ చేయలేకపోయారు. సంస్కరణ పనిచేసిందనే అనిపిస్తుంది. 2023 డిసెంబరు 21న ఎన్నికలు జరిగాయి. ఆయనకి సన్నిహితుడైన సంజయ్ సింగ్‌కి 40 ఓట్లు, కామన్వెల్త్ స్వర్ణ విజేత అనితా శ్యోరాణ్‌కి 7. ఆ సాయంత్రమే సాక్షి మలిక్ కుస్తీ వదిలేస్తున్నానని ప్రకటించింది.

ఈ 40–7 అంకెని అర్థం చేసుకోవాలంటే సమాఖ్య ఎలా కట్టబడిందో చూడాలి. జిల్లా సంఘాలు రాష్ట్ర సంఘాన్ని, రాష్ట్ర సంఘాలు జాతీయ సమాఖ్యని ఎన్నుకుంటాయి. ఓటు ఆటగత్తెది కాదు, సంఘం ప్రతినిధిది. జిల్లాలో పదవులు, రాష్ట్రంలో పదవులు ఎవరి చేతిలో ఉన్నాయో ఢిల్లీలో ఫలితం అలా వస్తుంది. పైన మనిషిని మారిస్తే కింద అల్లిక మారదు.

కుర్చీలో స్త్రీ ఉంటే చాలా?

1927లో పుట్టిన భారత ఒలింపిక్ సంఘానికి 2022 డిసెంబరులో పి.టి. ఉష మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. కోర్టు జోక్యంతో, మన తెలుగువారు, విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు పర్యవేక్షణలో రాసిన కొత్త నియమావళి కింద ఆ ఎన్నిక జరిగింది. ప్రతి సమాఖ్య నుంచి ఒక మగ, ఒక ఆడ ప్రతినిధి ఉండాలన్నది ఆ నియమావళిలో గొప్ప మార్పు. కానీ 2023 ఏప్రిల్లో అమ్మాయిలు రోడ్డు మీద కూర్చున్నప్పుడు, అది క్రమశిక్షణ కాదని, దేశం పరువు తీయడమని ఉష అన్నారు. తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడారు గానీ, ఆ మాట చేసిన గాయం మానలేదు.

దీన్ని ‘ఆడదానికి ఆడదే శత్రువు’ అనే అరిగిపోయిన సామెతతో తేల్చేయకూడదు. ఒంటరిగా పైకి వెళ్లిన స్త్రీ, తనని పైకి పంపిన వ్యవస్థ భాషలోనే మాట్లాడుతుంది. క్రమశిక్షణ అనే మాట ఆ భాషలోది. మనకి దగ్గరగా చూస్తే, 2013లో గుత్తా జ్వాల మీద బ్యాడ్మింటన్ సంఘం క్రమశిక్షణ కమిటీ జీవితకాల నిషేధం సిఫారసు చేసింది. ఢిల్లీ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్లే ఆమె ఆడగలిగింది. అంతకు రెండేళ్ల ముందు ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య, ఆటకి ఆకర్షణ పెంచాలని, ఆడవాళ్లు స్కర్టులే వేసుకోవాలని నిబంధన తెచ్చింది. అన్ని వైపుల నుంచీ నిరసన వచ్చి 2012లో వదులుకుంది. అది కూడా మార్కెటింగ్ నిపుణుల ఆధునికీకరణే.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. సమాఖ్య కార్యవర్గంలో పదిహేనుకి మించి సభ్యులుండకూడదు, వాళ్లలో కనీసం నలుగురు స్త్రీలుండాలి, ఆటగాళ్ల ప్రతినిధులుండాలి. వివాదాలకి ట్రిబ్యునల్, ఎన్నికలకి ప్యానెల్, ఆటగత్తెల రక్షణకి విధానం ఉండాలి. యాభై ఏళ్ల మార్గదర్శకాల తర్వాత ఈ నాలుగు కుర్చీలు చట్టంలోకి వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. అయితే ప్రభుత్వ సాయం తీసుకునే సంస్థలకే సమాచార హక్కు వర్తిస్తుందని సవరించి, ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకోని క్రికెట్ బోర్డుని ఆ పరిధి బయటే ఉంచారు. డబ్బు ఎక్కువున్న చోటే ప్రశ్న అడిగే హక్కు తక్కువైంది.

రిజర్వేషన్ కుర్చీల అనుభవం మనకి పంచాయతీల్లో ఉంది. సర్పంచ్ భర్త సంతకాలు పెట్టడమూ చూశాం, రెండో విడత వచ్చేసరికి ఆ సర్పంచే భర్తని ఇంట్లో ఉండమని చెప్పడమూ చూశాం. కుర్చీ ఇస్తే నేర్చుకోవడానికి కాలం పట్టింది గానీ నేర్చుకున్నారు. సమాఖ్యల్లో కూడా ఆ నలుగురు ఎవరు, అధికారుల భార్యలా, నాయకుల కూతుళ్లా, ఆడి వచ్చినవాళ్లా అని చూస్తూ ఉండాలి. దళిత, ఆదివాసీ, మైనారిటీ ఆటగత్తెలు ఆ నలుగురిలో ఎందరని అడగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ లెక్క జాతీయ కార్యవర్గం దగ్గరే ఆగితే 40–7 మళ్లీ వస్తుంది. జిల్లా సంఘంలో, రాష్ట్ర సంఘంలో ఓటున్న స్త్రీలు ఉంటేనే పైనున్న నలుగురి వెనుక ఎవరైనా ఉన్నట్టు.

ఊసవానిపేట నుంచి వెళ్లి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తిన కరణం మల్లేశ్వరి మొదలు సైనా, సింధుల దాకా తెలుగు నేల మీద పెరిగిన అమ్మాయిలు ఒలింపిక్ పతకాలు తెచ్చారు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత మహిళలు మొదటిసారి ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది, హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి ఉంది. ఆడటానికి మనవాళ్లు సిద్ధంగా ఉన్నారని ఇంక ఎవరికీ రుజువు చూపాల్సిన పని లేదు. మన జిల్లా క్రీడా సంఘాల కార్యవర్గాల జాబితాలు తీసి, అందులో ఎన్ని ఆడపేర్లున్నాయో, ఫిర్యాదుల కమిటీ ఉందో లేదో రాసిపెట్టే పని మాత్రం మిగిలే ఉంది. పరిశోధక విద్యార్థినులు, జిల్లాల్లో ఉన్న రచయిత్రులు తలా ఒక జిల్లా తీసుకుంటే ఆ పని ఈ ఏడాదిలోనే మొదలుపెట్టవచ్చు.